కన్నం తాళంచెవి కాదు



"మాస్టారూ! రాత్రి అప్‌డేట్ అయిందండీ. రూట్ పోయిందండీ!"

2017 జనవరిలో ఒకనాడు, ప్రార్థన గంట ఇంకా కొట్టకముందే, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మా సైన్సు గదిలోని ట్యాబ్‌ను రెండు చేతులా పట్టుకొని పరుగెత్తుకొచ్చి ఈ మాట అన్నాడు. వాడి ముఖం చూస్తే ఇంట్లో దొంగలు పడ్డారేమో అనిపించింది. పక్కనే ఉన్న మా తోటి ఉపాధ్యాయుడొకరు, "రూటు పోవడమేమిట్రా, బస్సు రూటా?" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో, తెరమీద వచ్చిన ప్రశ్నను చదవకుండానే "సరే" అన్నచోట నొక్కినవాణ్ణి నేనే.

ఆనాటి సంగతి చెప్పి, దానిమీద నా అభిప్రాయం కూడా మీ ముందు పెడదామని ఈ వ్యాసం రాస్తున్నాను. నాతో మీరు ఏకీభవించి తీరాలని లేదు. చదవండి, ఆలోచించండి. కాదనిపిస్తే ఎందుకు కాదో చెప్పండి. సైన్సు నేర్పేది అదే కదా!

రూట్ అంటే ఏమిటి?

రూట్ అంటే వేరు. కంప్యూటరులో దాచిన ఫైళ్లన్నిటినీ ఒక చెట్టులాగా ఊహించుకోండి. దాని మొదలు వేరు. అక్కడినుంచి కొమ్మలు, రెమ్మలుగా అరలు చీలుతాయి. వేరు చేతిలో ఉన్నవాడికి చెట్టంతా చేతిలో ఉన్నట్లే.

ఈ మాట నిన్న మొన్న పుట్టింది కాదు. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థకు పునాది వేశారు. ఆ రోజుల్లో కంప్యూటరు ఇంటికొకటి కొనుక్కొనే వస్తువు కాదు. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకొని వాడుకొనేవారు. ఒకరి కాగితాలు మరొకరు చూడకూడదు, చెరపకూడదు. అందుచేత ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చి, ఎవరి అర వారికే తెరుచుకొనే ఏర్పాటు చేశారు. అయితే యంత్రం బాగోగులు చూసే పెద్ద ఒకరు ఉండాలి కదా? ఆ పెద్ద పేరే రూట్. అతని అంకె సున్న.

మన బడినే చూడండి. మీ తరగతి గది తాళంచెవి మీ తరగతి నాయకుడి దగ్గర ఉంటుంది. గ్రంథాలయం చెవి గ్రంథాలయం చూసే మాస్టారి దగ్గర ఉంటుంది. అన్ని చెవులూ ఉన్న తాళాలగుత్తి మాత్రం హెడ్మాస్టరుగారి బల్లసొరుగులో ఉంటుంది. ఆ గుత్తే రూట్.

1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ యూనిక్స్ పద్ధతిలోనే లినక్స్ రాయడం మొదలుపెట్టాడు. దాన్ని గుండెకాయగా పెట్టుకొన్న ఆండ్రాయిడ్ 2008లో ఫోనుల్లోకి వచ్చింది. ఇక్కడొక తమాషా చూడండి. ఫోను ఒక్క మనిషిదే. అయినా ఆండ్రాయిడ్ పాత ఏర్పాటును వదలలేదు. అందులోని ఒక్కొక్క అప్లికేషన్‌నూ ఒక్కొక్క మనిషిగా లెక్కకట్టింది. ఆటకొక అంకె, పాటలకొక అంకె, బ్యాంకుకొక అంకె. ఆట వచ్చి బ్యాంకు అరలోకి తొంగిచూడలేదు. ఎంత మంచి ఏర్పాటో చూశారా!

కాని తాళాలగుత్తి ఎవరి దగ్గర ఉంది? కొన్నవాడికి ఇవ్వరు. డబ్బు పెట్టి ఇల్లు కొనుక్కొని, అందులో అద్దెకున్నవాడిలాగా తిరగాలన్నమాట. అందుకే కొందరు ఆ గుత్తికోసం నానా తంటాలూ పడతారు. దాన్నే రూట్ చేయడం అంటారు.

మా ట్యాబ్ కథ

మా బడి పెరట్లో ఒక వర్షమాపకం, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకం ఉన్నాయి. 2016 జూన్‌లో బడి తెరిచిన నాటినుంచి మా సైన్సు సంఘం పిల్లలు రోజూ ఉదయం 8.30 గంటలకు వాటిని చూసి మూడంకెలు రాసేవారు. భారత వాతావరణశాఖ వారు వానను కొలిచే వేళ కూడా అదే. ఆదివారాలు, సెలవు దినాలు కూడా వంతులు వేసుకొని వచ్చేవారు. ఆనాటి అంకెలు చీటీమీద రాసుకొని, మర్నాడు ట్యాబ్‌లో ఎక్కించి, చీటీ పారేసేవారు. గాలివానలో గొడుగు తిరగబడిపోయినా తడిసిముద్దై వచ్చి లెక్క రాసుకొన్న అమ్మాయి ఉంది. జనవరి వచ్చేసరికి రెండువందల పైచిలుకు రోజుల లెక్క పోగయింది.

ఆ లెక్క రాయడానికి వాడిన అప్లికేషన్‌కు ఒక లోపం ఉంది. అది రోజుకొక పేజీ చొప్పున తెరమీద చూపిస్తుందే తప్ప, మొత్తం లెక్కను ఒక్క ఫైలుగా చేసి మన చేతికి ఇవ్వదు. ఆ ఫైలు దాని సొంత అరలో ఉంది. ఆ అర తెరవాలంటే రూట్ కావాలి. పైగా, ట్యాబ్‌తోబాటే వచ్చిన ఆటలూ, అంగళ్లూ సగం చోటు తినేశాయి. మేము వాటిని ఒక్కనాడూ తెరిచిన పాపాన పోలేదు. తీసేద్దామంటే తీయనివ్వదు. దానికీ రూటే కావాలి.

ఆ కుర్రవాడి అన్నయ్య ఇంటర్ చదువుతున్నాడు. ఎక్కడినుంచో "ఒక్క నొక్కుతో రూట్" అనే ప్రోగ్రాము తెచ్చి పది నిమిషాల్లో పని కానిచ్చాడు. అక్కరలేనివన్నీ పోయాయి. చోటు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లెక్కల ఫైలుకు నకలు సంక్రాంతి సెలవుల తర్వాత తీసుకొందాంలే అని ఊరుకొన్నాం.

నేను వద్దనలేదు. ఆ ప్రోగ్రాము లోపల ఏం చేసిందని అడగనూ లేదు. అది నా మొదటి తప్పు. నకలు తీయించకపోవడం రెండోది. చదవకుండా "సరే" నొక్కడం మూడోది. ఇన్ని తప్పులు చేసినవాడు మీకు సలహా చెప్పవచ్చునా అంటారేమో. చెప్పవచ్చును. చేయి కాల్చుకొన్నవాడికే నిప్పు సంగతి బాగా తెలుస్తుంది.

అప్‌డేట్ ఏం చేసింది?

రూట్ చేసినవారు ఆ రోజుల్లో "ఎస్‌యు" అనే చిన్న ప్రోగ్రామును ట్యాబ్‌లోని సిస్టమ్ భాగంలో పెట్టేవారు. ఏదైనా అప్లికేషన్ గుత్తి అడిగితే ఇచ్చేది అదే. సిస్టమ్ భాగమంటే కంపెనీవారు కట్టి ఇచ్చిన గోడ. ఎస్‌యు దానిమీద మనం రాసుకొన్న రాత. అప్‌డేట్ అంటే ఆ గోడకు మళ్లీ వెల్ల వేయడం. వెల్ల వేసేవాడికి మీ రాతమీద పగేమీ లేదు. గోడ ఎలా ఉండాలని చెప్పారో అలా చేసి పోతాడు.

2011 ప్రాంతంలో దీనికొక ఉపాయం నడిచింది. అప్పట్లో అప్‌డేట్ ఒక్కొక్క ఫైలునే తీసి సరిచేసేది. అందుచేత ఎస్‌యుకు నకలు ఒకటి ఓ మూల దాచిపెట్టి, అప్‌డేట్ అయిపోయాక మళ్లీ పైకి తీసేవారు. వూడూ ఓటీఏ రూట్‌కీపర్ అనే ప్రోగ్రాము చేసిన పని ఇదే. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో ఈ ఉపాయానికి కాలం చెల్లింది. ఆనాటినుంచి అప్‌డేట్ సిస్టమ్ భాగాన్ని మొత్తం ఒకే దిమ్మగా చూడసాగింది. అందులో ఎక్కడ ఏ కొంచెం మారినా, "ఇది నాకు తెలిసిన గోడ కాదు, నేను చేయను" అని మొరాయిస్తుంది. అప్పుడు మొత్తం సిస్టమ్‌నే కొత్తగా దించుకోవాలి. దించితే పాత రాతలేవీ మిగలవు.

మా ట్యాబ్‌కు వచ్చింది ఈ మొత్తంగా దించే రకం అప్‌డేటే. ఎస్‌యు పోయింది. తీసేసిన ఆటలూ, అంగళ్లూ ఏమీ ఎరగనట్లు తిరిగివచ్చి కూర్చున్నాయి. సరే, మళ్లీ ఆ ఒక్క నొక్కు నొక్కుదామని చూస్తే అది పనిచేయలేదు. ఎందుకు?

ఎందుకంటే, ఆ ప్రోగ్రాము మొదటిసారి కూడా తలుపు తీసుకొని లోపలికి పోలేదు. గోడలో ఎక్కడో ఉన్న కన్నం వెతికి, అందులోంచి దూరింది. అప్‌డేట్ ఆ కన్నాన్ని పూడ్చేసింది.

కన్నం అందరికీ కన్నమే

"మన ట్యాబ్ మనది. మన ఇంట్లోకి మనం దూరడానికి అడ్డేమిటి మాస్టారూ?" అన్నాడు ఆ కుర్రవాడు. మంచి ప్రశ్న. జవాబుగా వాడికి డర్టీ కౌ కథ చెప్పాను. మీకూ చెబుతాను.

ఒకే పాఠ్యపుస్తకాన్ని పదిమంది చదువుకొంటున్నారనుకోండి. చదివినంతసేపూ ఒక్క పుస్తకం చాలు. ఎవరైనా దానిలో గీతలు గీయబోతే, "ఆగు, నీకు వేరే నకలు ఇస్తాను, అందులో గీసుకో" అని మాస్టారు నకలు తీసి ఇస్తారు. కంప్యూటరు జ్ఞాపకశక్తిని పొదుపుగా వాడుకోవడానికి లినక్స్ ఇదే పద్ధతి అనుసరిస్తుంది. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే కౌ, అంటే ఆవు, అవుతుంది.

అయితే నకలు చేతికిచ్చే క్షణానికీ, కలం కాగితాన్ని తాకే క్షణానికీ మధ్య ఒక చిన్న సందు ఉండిపోయింది. ఆ సందులో చాకచక్యంగా చొరబడితే నకలులో కాక అసలు పుస్తకంలోనే రాయవచ్చు. అసలు పుస్తకంలో రాయగలిగినవాడు రూట్ కూడా కాగలడు. ఈ పొరపాటు 2007 నుంచి లినక్స్‌లో ఉంది. 2016 అక్టోబరులో బయటపడింది. ప్రపంచంలోని నిపుణులందరి కళ్లముందే తొమ్మిదేళ్లు దాగి ఉందంటే ఆశ్చర్యంగా లేదూ?

తమ ఫోనును తామే రూట్ చేసుకోవాలనుకొన్నవారు ఈ సందు చూసి సంతోషించారు. ఇంకెవరు సంతోషించి ఉంటారో ఊహించగలరా? 2017లో జడ్‌ఎన్‌ఐయు అని పేరుపెట్టిన ఒక దొంగ ప్రోగ్రాము పట్టుబడింది. అది ఆటలాగానో మరోలాగానో వేషం వేసుకొని ఫోనులోకి వచ్చి, ఇదే సందులోంచి రూట్ సంపాదించి, ఫోను గలవారికి తెలియకుండా డబ్బు ఖర్చయ్యే సందేశాలు పంపేది. దాని వాత పడినవారిలో ఎక్కువమంది చైనాలోను, మన దేశంలోను ఉన్నారు.

మీరు దూరే కన్నం మీ పేరు అడగదు. దొంగ పేరూ అడగదు. అది పూడ్చిన అప్‌డేట్‌ను దొంగ అనడం న్యాయమా? అది తాపీమేస్త్రి. తన పని తాను చేసింది. అందుచేత నా అభిప్రాయంలో మొదటి మాట ఇది: రూట్ పోయిందని అప్‌డేట్‌ను తిట్టకండి. కన్నంలోంచి వచ్చిన అధికారం కన్నంతోనే పోతుంది. అప్‌డేట్లు ఆపేసి పాత కన్నాన్ని కాపాడుకోవడమంటే, ఇంటి గోడ కూలి ఉంటే మనకు దారి దగ్గరని మరమ్మతు మానేయడమే.

మరి తలుపేదీ?

ఇక్కడితో ఆగితే సగం న్యాయమే చెప్పినట్లు. కన్నం మూసినవారిని మనం ఇంకొక ప్రశ్న అడగాలి. "సరేనండీ, కన్నం మూశారు. తలుపు ఎక్కడ పెట్టారు?"

కొన్ని పరికరాలకు తలుపు ఉంది. ట్యాబ్ ఆన్ చేయగానే మొట్టమొదట లేచే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. లోపలికి వచ్చే సిస్టమ్ కంపెనీ ముద్రతో ఉన్నదా లేదా అని చూసి, ఉంటేనే రానిచ్చే కాపలాదారు అది. కంపెనీ ఒప్పుకొన్న పద్ధతిలో దాని తాళం తీయవచ్చు. అప్పుడు బూట్ భాగాన్ని మనం సవరించి రూట్ తెచ్చుకోవచ్చు. 2016లో వచ్చిన మ్యాజిస్క్ అనే ప్రోగ్రాము ఈ దారిలో నడిచేదే. అది గోడమీద రాయదు. సిస్టమ్ భాగాన్ని ముట్టుకోకుండా బూట్ భాగాన్ని మాత్రం మారుస్తుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ రూట్ కూడా పోతుంది. ఎందుకంటే బూట్ భాగం కూడా కొత్తది వస్తుంది. కాని తలుపు తాళం మన దగ్గర ఉంది గనుక, కొత్త బూట్ భాగాన్ని మళ్లీ సవరించి పెట్టుకొంటే సరిపోతుంది.

అయితే ఒక షరతు. బూట్‌లోడర్ తాళం మొదటిసారి తీసేటప్పుడు ట్యాబ్‌లో మీరు దాచుకొన్నదంతా చెరిగిపోతుంది. ఇది లోపం కాదు. కావాలని పెట్టిన ఏర్పాటు. మీ ఫోను దొంగ చేతిలో పడిందనుకోండి. వాడు తాళం తీసినా వాడికి ఖాళీ ఇల్లే దొరకాలి. ఎంత తెలివైన ఆలోచనో గమనించారా? తలుపు ఉంది, కాని ఆ తలుపువల్ల దొంగకు లాభం లేదు. ఇంకో పద్ధతీ ఉంది. శాంసంగ్ కంపెనీ 2013 నుంచి, నాక్స్ అనే రక్షణ ఏర్పాటు ఉన్న పరికరాల్లో, చిప్పులో ఒక సూక్ష్మమైన ఫ్యూజు పెట్టింది. అనుమతి లేని బూట్ భాగం ఎక్కిస్తే అది శాశ్వతంగా కాలిపోతుంది. మీ ఇంట్లో ఫ్యూజు పోతే తీగ మార్చి వేసుకొంటారు. చిప్పులోనిది మార్చలేరు. ఈ ట్యాబ్ తాళం ఒకసారి మార్చారన్న సంగతి అది ఎప్పటికీ చెబుతూనే ఉంటుంది.

మరికొన్ని పరికరాలకు తలుపే లేదు. కొన్నవాడు బతిమాలుకొన్నా తీయడానికి వీల్లేదు. నేను తప్పు పట్టేది వీటినే. కన్నం పూడ్చి, తలుపు పెట్టకపోతే ప్రజలు ఏం చేస్తారు? కొత్త కన్నాలు వెతుకుతారు. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు ఇచ్చిన "ఒక్క నొక్కు" ప్రోగ్రాములను నమ్ముతారు. రక్షణకోసం పెట్టిన తాళమే జనాన్ని దొంగల దగ్గరికి తోలుతుంది.

ఫోనుకు ఒక న్యాయం, ట్యాబ్‌కు ఒక న్యాయం

ఈ తగవు మా బడిలోనే కాదు, పెద్ద పెద్ద చోట్ల కూడా నడిచింది. అమెరికాలో 1998నాటి ఒక చట్టం ప్రకారం ఇలాంటి డిజిటల్ తాళాలు తీయడం నేరం కావచ్చు. అయితే మూడేళ్లకొకసారి అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయాధికారి కొన్ని మినహాయింపులు ప్రకటిస్తారు. 2010లో ఫోనులకు మినహాయింపు వచ్చింది. సొంత ఫోను తాళం సొంతదారు తీసుకోవచ్చునన్నారు. 2012లో ట్యాబ్‌లకు కూడా ఇవ్వమని అడిగితే, ట్యాబ్ అంటే ఏమిటో హద్దులు స్పష్టంగా లేవని నిరాకరించారు. ఒకే ఆండ్రాయిడ్! నాలుగంగుళాల తెరమీద న్యాయం, ఏడంగుళాల తెరమీద నేరం కావడం వింతగా లేదూ? 2015లో ఆ పొరపాటు దిద్దుకొని ట్యాబ్‌లకు కూడా మినహాయింపు ఇచ్చారు. అక్కరలేని ప్రోగ్రాములను తీసేయడానికి తాళం తీయవచ్చునని కూడా అందులో చేర్చారు.

మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, కొన్న వస్తువును బాగుచేయించుకొనే హక్కు గురించి ఆలోచించడానికి ఒక సంఘాన్ని వేసింది. రైతుల పనిముట్లు, మోటారు వాహనాలతోబాటు ఫోనులు, ట్యాబ్‌లు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఆ సంవత్సరం డిసెంబరులో దీనికోసం ఒక వెబ్‌సైటు కూడా తెరిచారు. బాగుచేయించుకొనే హక్కు, తాళంచెవి హక్కు ఒకటి కావు. కాని రెండూ ఒకే తల్లి బిడ్డలు. "కొన్న వస్తువు ఎవరిది?" అన్న ప్రశ్నే ఆ తల్లి.

మేము ఏం చేశాం?

ఇక మా వాన లెక్క ఏమైందో చెప్పలేదు కదూ? చిక్కు ఎలా పడిందో చూడండి. ఫైలు తీయాలంటే రూట్ కావాలి. రూట్ కావాలంటే తాళం తీయాలి. తాళం తీస్తే ఫైలే ఉండదు!

అన్నయ్యగారు, "ఇంకో కొత్త ప్రోగ్రాము ఉంది, చూద్దాం మాస్టారూ" అన్నారు. ఈసారి నేను అడిగాను. "అది ఏం చేస్తుంది నాయనా? ఎవరు రాశారు?" రెంటికీ జవాబు లేదు. వద్దన్నాను. పిల్లలు బిక్కముఖాలు వేశారు. ఏడు నెలల కష్టం అది.

అప్పుడు గొడుగు తిరగబడిన ఆ అమ్మాయే లేచి, "ఫైలు రాకపోతే పోనీండి మాస్టారూ. పేజీలు తెరమీద కనిపిస్తూనే ఉన్నాయిగా!" అంది.

చూశారా! రూట్, రూట్ అని అందరం గుత్తివెంట పడ్డాం. మాకు కావలసింది గుత్తి కాదు, అంకెలు. ఆ రోజు సాయంత్రమే పని మొదలుపెట్టాం. ముందు ఒక్కొక్క పేజీకీ తెర ఫొటో తీసి మెమరీ కార్డులో వేసి, కార్డు ఊడదీసి బీరువాలో పెట్టాం. తర్వాత ఒకరు చదువుతుంటే ఒకరు నోటుపుస్తకంలో రాశారు, మూడోవారు సరిచూశారు. నాలుగు సాయంత్రాలు పట్టింది. రాస్తూ ఉండగా ఒకచోట అందరూ గొల్లుమని నవ్వారు. అక్టోబరులో ఒకనాటి కనిష్ఠ ఉష్ణోగ్రత 42.3 డిగ్రీలు, గరిష్ఠం 31.6 డిగ్రీలు అని ఉంది! ఎవరో 24.3ను తిరగేసి కొట్టారు. మూడు నెలలు ఆ తప్పు ట్యాబ్‌లో హాయిగా నిద్రపోయింది. ఫైలును ఒక్క నొక్కుతో కాపీ చేసి ఉంటే ఇంకా నిద్రపోతూనే ఉండేది.

అటు తర్వాత వేసవి సెలవుల్లో, కంపెనీ చెప్పిన పద్ధతి ప్రకారమే బూట్‌లోడర్ తాళం తీశాం. ట్యాబ్ ఖాళీ అయింది. మాకు బెంగలేదు. అప్పటి సిస్టమ్‌కు సరిగ్గా సరిపడే బూట్ భాగాన్ని తెచ్చుకొని, దాని అసలు ప్రతిని వేరే దాచి, నకలును సవరించి ఎక్కించాం. రూట్ తిరిగివచ్చింది. ఆపైన మరి రెండుసార్లు అప్‌డేట్ వచ్చింది. రెండుసార్లూ రూట్ పోయింది. రెండుసార్లూ, ఒక్క అంకె కూడా పోకుండా, అరగంటలో మళ్లీ తెచ్చుకొన్నాం. ఎవరూ ముఖం వేలాడేసుకొని పరుగెత్తుకు రాలేదు.

మీకు నా మాట

"పిల్లలకు ఇవన్నీ ఎందుకు మాస్టారూ? చెడిపోతారు" అని పెద్దలు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గడియారం విప్పి చూడని పిల్లవాడికి గడియారం సంగతి ఏం తెలుస్తుంది? కాని మీతో కూడా ఒక మాట. విప్పడం వేరు, విరగ్గొట్టడం వేరు. ఇంట్లో అందరూ వాడుకొనే ఫోనుమీద, నాన్నగారి బ్యాంకు లెక్కలున్న ఫోనుమీద ఈ ప్రయోగాలు చేయకండి. తాళం తీసిన పరికరాన్ని కేబుల్ పట్టుకొన్న ఎవడైనా మార్చగలడు. అందుకే రూట్ చేసిన ఫోనులో బ్యాంకు అప్లికేషన్లు చాలావరకు పనిచేయమంటాయి. మా ట్యాబ్‌లో వాన లెక్క తప్ప మరొకరి రహస్యమేదీ ఉంచలేదు.

పనికిరాక మూలపడిన, మీ సొంత పరికరం ఉండి, రూట్ పోయి, మళ్లీ తెచ్చుకోవాలనిపిస్తే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నాకు నిజంగా కావలసింది రూటా, లేక దానితో చేసే పనా? ఆ పనికి వేరే దారి ఉందా? ఉన్నదంతా నకలు తీశానా, తీసిన నకలు తెరిచి చూశానా? నేను చేయబోయే ప్రతి మెట్టు ఏం చేస్తుందో పక్కవాడికి చెప్పగలనా? నాలుగో ప్రశ్నకు జవాబు రాకపోతే, ఆ రోజుకు ట్యాబ్ పక్కన పెట్టి చదువుకోండి. చదివితే రేపు వస్తుంది.

కంపెనీలవారికి కూడా రెండు మాటలు చెప్పాలి. కన్నాలు పూడ్చండి. ఎంత త్వరగా పూడ్చితే అంత మంచిది. కాని కొన్నవాడికి ఒక తలుపు ఉంచండి. అది తీస్తే వచ్చే నష్టమేమిటో తెరమీద అందరికీ అర్థమయ్యే భాషలో రాయండి. మా నిర్ణయం మమ్మల్ని చేసుకోనివ్వండి. పిల్లలూ, రేపు మీలోనే కొందరు ఇంజనీర్లై ఇలాంటి పరికరాలు తయారుచేస్తారు. ఆనాడు ఈ తలుపు సంగతి మరవకండి.

ఆ ట్యాబ్ ఇప్పుడు లేదు. బ్యాటరీ ఉబ్బి మూలపడింది. నోటుపుస్తకం మాత్రం మా సైన్సు బీరువాలో ఉంది. అక్టోబరు పేజీలో 42.3 కొట్టేసి 24.3 అని ఎర్రసిరాతో దిద్ది ఉంటుంది. ఏటా కొత్తగా వచ్చిన పిల్లలకు దాన్ని తీసి చూపిస్తాను. ఆ బీరువాకు కూడా తాళం ఉంది. చెవి నా దగ్గర ఒకటి, సైన్సు సంఘం పిల్లల దగ్గర ఒకటి.